కంటి కొసన వేలు

“వదినా, అక్కడే ఆగండి. ఇది ఇప్పుడు పోలీసుల గది.”

ప్రూఫ్ గది గుమ్మానికి అడ్డంగా ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాపాడు. డిటెక్టివ్ ముందు ఆ చేతిని చూసింది, తర్వాత ఆ చేతికున్న గడియారాన్ని చూసింది. పదకొండూ అయిదు.

“నిన్న సాయంత్రం వెయ్యాల్సిన తాళం ఇవాళ పొద్దున వేశావు. పోలీసుల గదని ఇప్పుడు గుర్తొచ్చిందా నాయనా?” అంటూ అతని మోచేతి కింద నుంచి లోపలికి దూరిపోయింది.

అతను ఆమెకు సొంత మరిది. ఆమె ఇరవై రెండేళ్ళు ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఒకరోజు ఆ ఉద్యోగానికి దండం పెట్టి డిటెక్టివ్ బోర్డు కట్టుకుంది. పిల్లలు పెట్టిన ‘మాత్రల మేడమ్’ అనే పేరు మాత్రం ఆమెను వదల్లేదు. మరిది నేరస్థుల్ని పట్టుకోవడంలో ఎంత చురుకో, తొందరపడడంలోనూ అంతే చురుకు. ఇప్పటికి నాలుగు కేసుల్లో ఇద్దరూ ఢీకొన్నారు. ఎవరు ఎన్ని గెలిచారో ఇద్దరూ పైకి అనరు, ఇద్దరికీ తెలుసు.

ఈ అయిదోది నిన్న సాయంత్రం నాలుగూ నలభై అయిదుకి మొదలైంది. ముప్ఫై ఏళ్ళుగా ఈ ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దుతున్న ప్రూఫ్ మాస్టారు ఊపిరాడక ఈ గదిలోనే కుర్చీతో సహా పడిపోయారు; ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారు. అరవై ఒకటో ఏడు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఇన్‌హేలర్ చేతిలోనే ఉంది. పన్నెండుసార్లు పీల్చారు. పన్నెండుసార్లూ అది పని చెయ్యలేదు. ఆ ఇన్‌హేలర్ ఆయన అల్లుడి మందుల షాపులోది. ఏడింటికల్లా అల్లుడు స్టేషన్లో, షాపుకి సీలు. ఇవాళ పొద్దున్నే మాస్టారి కూతురు ఏడుస్తూ డిటెక్టివ్ తలుపు తట్టింది.

“మీరు అనవసరంగా వచ్చారు వదినా. అల్లుడు మామగారికి దొంగ ఇన్‌హేలర్ అంటగట్టాడు. అందులో మందు లేదు, ఉత్త గాలి. మామగారి ఇల్లు తన భార్య పేరు మీదకి రావాలని ఆత్రం. ఇంకేం కావాలి?”

“నాడి కావాలి.”

“ఏంటి?”

“అంబులెన్సువాళ్ళు రాసిన కాగితం చదివావా? మాస్టారి నాడి నిమిషానికి నలభై ఆరు.”

“అయితే?”

“నువ్వు మూడంతస్తులు పరిగెత్తి ఎక్కితే నీ గుండె ఎంత కొట్టుకుంటుంది?”

“నూట ముప్ఫై కొట్టుకోవచ్చు.”

“ఊపిరాడనివాడిదీ అంతే, దడదడలాడుతుంది. పైగా ఇన్‌హేలర్ మందు గుండెని ఇంకా తరుముతుంది. పోనీ నువ్వన్నట్టు ఉత్త గాలే పీల్చాడనుకుందాం. అప్పుడైనా నూట ఇరవైకి తగ్గకూడదు. నలభై ఆరంటే లోపల ఎవరో బ్రేకు తొక్కారు మరిదీ.”

ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయేలోగా అతని ఫోన్ మోగింది. అవతలిమాట ఒక్క నిమిషం విన్నాడు. ముఖం మాడిపోయింది. టక్కున ఫోన్ పెట్టేశాడు.

“ల్యాబా?” అంది డిటెక్టివ్.

“ఇన్‌హేలర్ అసలుదేనట. మందు పూర్తిగా ఉందట.” గొంతు సవరించుకున్నాడు. “అయితే టీలో ఏదో కలిపాడు. అల్లుడు కాకపోతే ఇంకొకడు. టీలోనే!”

“ల్యాబాయన రెండో వాక్యం మొదలుపెట్టేలోగా ఫోన్ పెట్టేశావు. మళ్ళీ చెయ్యి.”

చేశాడు. విన్నాడు. ఈసారి నెమ్మదిగా పెట్టాడు.

“కడుపులోంచి తీసినదాంట్లో టీ తప్ప ఏమీ లేదట.”

“ఒంటి మీద సూది గుచ్చిన గుర్తులు?”

“లేవని డాక్టర్ నిన్ననే చెప్పాడు.”

“నోటి నుంచి వెళ్ళలేదు. సూదితో వెళ్ళలేదు. వెళ్ళింది మాత్రం ఖాయం. ఎటు నుంచి వెళ్ళిందో ఈ గదిలోనే వెతుక్కోవాలి.”

గది చిన్నది. ఒక బల్ల, పడిపోయిన కుర్చీ, మెడ వంచిన టేబుల్ లైటు. బల్ల మీద ఎర్ర ఇంకు పెన్ను, భూతద్దం, కళ్ళ చుక్కల సీసా, ప్రూఫ్ కాగితాల దొంతర. కిటికీ పక్క అరలో పెట్టెలూ కాగితాల కట్టలూ. అద్దం గోడకి అవతల డీటీపీ గది. అక్కడ టైపు చేసే అమ్మాయే మాస్టారు పడిపోవడం మొదట చూసింది. డిటెక్టివ్ ఆమెను పిలిచింది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు వాచి ఉన్నాయి.

“టీ ఎన్నింటికమ్మా?”

“రెండింటికి మేడమ్. ఒకే ఫ్లాస్కు. మాస్టారు, నేను, మేనేజర్ గారు, ముగ్గురం తాగాం. కప్పులు నేనే కడిగాను.”

“తర్వాత మాస్టారు ఏం తిన్నారు, ఏం తాగారు?”

“ఏమీ లేదు. పని మీద కూర్చుంటే మంచినీళ్ళు కూడా ముట్టరు. నేను అద్దంలోంచి చూస్తూనే ఉంటాను, లేస్తారేమోనని.”

“లేస్తే భయమా?”

“లేచారంటే తప్పు దొరికిందని. నా దగ్గరికే వస్తారు.” ఆ అమ్మాయికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. “ఆయన తిడితేనే నాకు పని వచ్చింది మేడమ్.”

డిటెక్టివ్ దొంతరలోంచి పై కాగితాలు తీసింది. నర్సుల కోసం రాసిన పుస్తకం, మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పేది. ప్రతి పేజీ అడుగున ఎర్ర ఇంకుతో పొట్టి సంతకం, పక్కన టైము.

“పేజీ పేజీకీ టైము వేస్తారా?”

“ముప్ఫై ఏళ్ళ అలవాటట.”

“అయితే ఆయనే మనకి గడియారం ఇచ్చి వెళ్ళారు. కూర్చో. మాస్టారు వదిలేసిన తప్పులు లెక్కపెడదాం.”

“మాస్టారు తప్పులు వదలరు మేడమ్,” అంది అమ్మాయి, పరువు నష్టం జరిగినట్టు.

“అందుకే లెక్కపెట్టాలి.”

ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకుని నిట్టూర్చాడు. “హత్యాయత్నం కేసులో అక్షరదోషాలు చూస్తున్నామా?”

రెండు తలలు కాగితం మీదకి వంగాయి.

ముప్ఫై ఎనిమిదో పేజీ, నాలుగూ నాలుగు నిమిషాలు. పద్నాలుగు తప్పులు, పద్నాలుగూ దిద్దారు. ముప్ఫై తొమ్మిది, నాలుగూ పదకొండు. తొమ్మిదికి తొమ్మిది. నలభై, నాలుగూ పంతొమ్మిది. ఒక దీర్ఘం వదిలేశారు. నలభై ఒకటి, నాలుగూ ఇరవై ఎనిమిది. అమ్మాయి వేలు ఒక పదం దగ్గర ఆగిపోయింది.

“‘అర్థ జీవితకాలం’...” అంది. “సగం అని రావాలి. థ కాదు, పొట్టలో చుక్క లేని ధ ఉండాలి. మూడేళ్ళలో ఈ ఒక్క తప్పుకే ముప్ఫైసార్లు తిట్లు తిన్నాను. ఇది చూసి కూడా మాస్టారు ఊరుకున్నారా?”

ఆ పేజీలో వదిలేసినవి అయిదు. నలభై రెండో పేజీ, నాలుగూ నలభై ఒకటి. పదకొండు. ఎర్ర గీతలు వంకర తిరిగి అంచు దాటి పోయాయి. నలభై మూడో పేజీలో ఒక్క గీత. సంతకం లేదు.

డిటెక్టివ్ లేచి నిలబడింది. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. పాఠం మధ్యలో అసలు సంగతి దగ్గరికి వచ్చినప్పుడు క్లాసులో కూడా ఆమె ఇలాగే ఉండేది.

“చూశావా మరిదీ? నాలుగూ పదకొండు దాకా నిక్షేపంలా ఉన్న మనిషి. పంతొమ్మిదికి ఊపిరి తగ్గడం మొదలైంది. ఇరవై ఎనిమిదికి చూపు నిలవలేదు. నలభై అయిదుకి పడిపోయాడు. మందు రక్తంలోకి ఎక్కిన తీరు ఈ ఎర్ర ఇంకులో గీసినట్టుంది. అది లోపలికి వెళ్ళింది నాలుగు గంటల ప్రాంతంలో.”

“ఏ మందు వదినా? గుండెకి బ్రేకు వేసి, మంచి ఇన్‌హేలర్‌ని ఎందుకూ పనికిరాకుండా చేసే మందు కూడా ఉంటుందా?” ఇన్‌స్పెక్టర్ గోడ వదిలి ముందుకొచ్చాడు. వెటకారం ఎప్పుడు పోయిందో అతనికే తెలీదు.

“మందు ఒంట్లోకి పోగానే ఊరికే పని చెయ్యదు. కణాల మీద రిసెప్టర్లని తాళాల్లాంటివి ఉంటాయి. ఇన్‌హేలర్ మందు తాళంచెవి. అది తాళంలో దూరి తిరిగితే ఊపిరి గొట్టాలు తెరుచుకుంటాయి. ఇంకో జాతి మందులున్నాయి. అవీ అదే తాళంలో దూరతాయి, కానీ తిరగవు. ఇరుక్కుని కూర్చుంటాయి. అసలు తాళంచెవికి చోటుండదు. పన్నెండుసార్లు కాదు, వందసార్లు పీల్చు, బయట నిలబడి తలుపు బాదుకున్నట్టే.”

“మరి గుండె?”

“గుండె మీదా ఇలాంటి తాళాలే. అక్కడ ఇరుక్కుంటే గుండె మందగిస్తుంది. రక్తపోటుకి వాడే బీటా బ్లాకర్లని విన్నావుగా, ఆ జాతి. నిన్న ఆసుపత్రి డాక్టరు బుర్ర ఉన్నవాడు. ఈ తలుపు తెరుచుకోవడం లేదని వేరే తలుపులోంచి వెళ్ళే మందు ఇచ్చాడు. అందుకే మనిషి దక్కాడు.” ఆమె అమ్మాయి వైపు తిరిగింది. “నాలుగింటికి మాస్టారు ఏం చేశారమ్మా? బాగా ఆలోచించు.”

“ఏమీ చెయ్యలేదు మేడమ్. కళ్ళ చుక్కలు వేసుకున్నారు, అంతే. రోజూ వేసుకునేవే. ఎనిమిది, పన్నెండు, నాలుగు, మళ్ళీ ఎనిమిది. చదివి చదివి కళ్ళు ఎండిపోతాయని.”

“అవి ఉత్త నీళ్ళలాంటివి వదినా, మా ఆవిడా వేసుకుంటుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “కంట్లో వేసినది ఊపిరితిత్తులకెలా పోతుంది?”

“ఏడిస్తే ముక్కెందుకు కారుతుంది?”

అతని చెయ్యి తన ముక్కు మీదకి వెళ్ళింది.

“కంటి కొసన సన్నటి కాలువ ఉంది, ముక్కులోకి. కంట్లో వేసిన చుక్క చాలావరకు అటే జారిపోతుంది. నోటితో మింగిన మందు కడుపులో కరగాలి, పేగులు పీల్చుకోవాలి, తర్వాత కాలేయం అనే చెక్‌పోస్టు దాటాలి. అక్కడ సగానికి సగం ఆగిపోతుంది. ముక్కు పొర మీద పడ్డదానికి చెక్‌పోస్టు లేదు, సూటిగా రక్తంలోకి. కంటి లోపలి ఒత్తిడి తగ్గించడానికి వాడే చుక్కల్లో కొన్నింట్లో ఉండేది ఈ బీటా బ్లాకరే. మామూలు మనిషికి మంచి మందు. ఉబ్బసం మనిషికి ఉరితాడు.”

ఇన్‌స్పెక్టర్ ఒక్క అంగలో బల్ల దగ్గరికి వెళ్ళి చేతిరుమాలుతో సీసా అందుకున్నాడు. “అయితే ఇదే!”

“అది కాదు.”

“మీరు చూడనే లేదు!”

“ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. మెడ దాకా నిండుగా ఉంది. రోజుకి నాలుగుసార్లు వేసుకునేవాడి సీసా నిండుగా ఎలా ఉంటుంది?”

అమ్మాయి తొంగిచూసింది. “అవును మేడమ్, ఇది మాస్టారిది కాదు! తెరిచిన రోజే సీసా మీద తేదీ వేస్తారు. నెల దాటితే పారేస్తారు. ఆయన సీసా మీద ఎర్ర ఇంకుతో ‘మూడో తారీఖు’ అని ఉండాలి.”

“ఆయన సీసాలోని చుక్కలు పారబోసి, విషం పోశారు. ఆయన పడిపోగానే గోలలో ఆ సీసా జేబులో వేసుకుని, కొత్తది ఇక్కడ పెట్టారు. మేనేజర్ని పిలు.”

మేనేజరు యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. నిన్న నాలుగూ నలభై అయిదుకి తన గదిలో ఫోన్ మాట్లాడుతున్నానని అడక్కముందే చెప్పాడు.

“ఈ సీసా ఎవరిది?” అంది డిటెక్టివ్.

“మాస్టారిదేనండి. రోజూ చూస్తూనే ఉంటాం కదా.”

“తేదీ లేదేం దీని మీద?”

“తేదీ...” మేనేజరు నీళ్ళు నమిలాడు. “మర్చిపోయి ఉంటారండి.”

“ముప్ఫై ఏళ్ళు మర్చిపోనివాడు ఈసారి మర్చిపోయాడు. నాలుగు గంటలకి ముందు ఈ గదిలోకి ఎవరెవరు వచ్చారు?”

“నేను మూడున్నరకి వచ్చానండి. ఆయన ఏదో పుస్తకం కోసం స్టోరుకి వెళ్ళి ఉన్నారు. ఫైలు పెట్టి వెళ్ళిపోయాను.”

“వదినా, ఈయన్ని మరీ గట్టిగా అడక్కండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “పాపం, పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి మాస్టారి అమ్మాయికి ధైర్యం చెప్పొచ్చారు. మాస్టారు వార్డులోకి వచ్చేశారు, మధ్యాహ్నానికల్లా మాట్లాడతారని డాక్టర్ అన్నాడని చెప్పి నేనే పంపాను.”

డిటెక్టివ్ గిరుక్కున తిరిగింది. “మధ్యాహ్నం మాట్లాడతారని ఈయనకి చెప్పావా?”

“చెప్తే ఏమైంది?”

“నిన్న నాలుగింటి నుంచి ఇవాళ పన్నెండింటికి ఇరవై గంటలు. ఈ మందు ప్రతి నాలుగైదు గంటలకీ ఒంట్లో సగానికి సగం తగ్గిపోతుంది. ఆ అమ్మాయి చూపించిన పదం, అర్ధ జీవితకాలం, అదే. ఈపాటికి నూటికి నాలుగైదు వంతులు మిగిలి ఉంటుంది. తాళాలన్నీ విడిపోతున్నాయి, మాస్టారు నోరు తెరవబోతున్నారు. ఆ సంగతి తెలిసినవాడికి ఇవాళ ఏం కావాలి?” ఆమె గడియారం చూసింది. పన్నెండు కావడానికి ఒక్క నిమిషం. “ఇంకో చుక్క కావాలి!”

అప్పటికే ఆమె వేలు ఫోన్ మీద ఉంది. ఒకసారి మోగింది. రెండుసార్లు. మూడు. నాలుగు.

“మేడమ్!” మాస్టారి కూతురి గొంతు హుషారుగా ఉంది. “నాన్న కళ్ళు తెరిచారు—”

“కళ్ళ చుక్కలు వేశావా?”

“ఇప్పుడే, కుడి కంట్లో వేశాను. ఎడమ కంట్లో—”

“ఆపు! సీసా కింద పెట్టు! పెట్టావా?”

“పెట్టాను... ఏమైంది మేడమ్?”

“స్పీకర్ పెట్టు. నీ చూపుడువేలు నాన్నగారి కుడి కంటి కొసన పెట్టు. చెవి వైపు కాదు, ముక్కు వైపు. ఎముక తగిలేదాకా నొక్కు. గట్టిగా! కన్ను మూసే ఉంచమను. రెప్ప ఆడించకూడదు.”

“నాన్నకి నొప్పి పుడుతోంది మేడమ్!”

“పుట్టనీ! వేలు తీశావంటే ఊపిరి పోతుంది. ఆ కాలువ మూసుకునే ఉండాలి. నర్సుని కేకెయ్యి!”

ఫోన్‌లోంచి గట్టి కేక, చెప్పుల చప్పుడు, ఇంకో గొంతు. డిటెక్టివ్ ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. నిన్నటి మందే మళ్ళీ కంట్లో పడింది. వేలు తియ్యకుండానే సెలైన్‌తో కన్ను కడగండి. డాక్టర్ని పిలవండి. నిన్న పనిచేసిన మందు చేతికి అందేలా పెట్టుకోండి. నాడి నిమిషానికోసారి గట్టిగా చెప్పండి.

“ఎనభై నాలుగు,” అంది నర్సు.

గదిలో ఎవరూ కదల్లేదు. ఒక్కరు తప్ప. మేనేజరు ఫైలు బల్ల మీద పెట్టి గుమ్మం వైపు రెండడుగులు వేశాడు. ఇన్‌స్పెక్టర్ అడ్డంగా నిలబడ్డాడు. పొద్దున వదిన కోసం చాపిన చెయ్యే ఇప్పుడు పనికొచ్చింది.

“ఎక్కడికండీ?”

“బాత్రూముకి.”

“కాసేపు బిగబట్టుకోండి.”

“డెబ్భై తొమ్మిది.”

“వేలు అలాగే ఉందా అమ్మాయ్?”

“ఉంది మేడమ్. నీళ్ళకి వేలు జారుతోంది.”

“రెండో చెయ్యి ఆసరా పెట్టు. ఇంకో మూడు నిమిషాలు.”

“డెబ్భై మూడు.” నర్సు గొంతులో కంగారు. “తగ్గుతోంది మేడమ్.”

డిటెక్టివ్ పెదవి కొరుక్కుంది. ఇన్‌స్పెక్టర్ ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. డీటీపీ అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“డెబ్భై రెండు.”

ఒక నిమిషం. అంత పొడుగు నిమిషం ఆ గదిలో ఎవరూ ఎరగరు.

“డెబ్భై రెండు. ఊపిరి బాగానే ఉంది.” ఇంకో నిమిషం. “డెబ్భై అయిదు!”

“అయిదు నిమిషాలయ్యాయి. డాక్టర్ వచ్చారా? ఇంకాసేపు ఉంచి, ఆయన చెప్పాకే వేలు తియ్యి. రేపటిదాకా నాడి చూస్తూనే ఉండమను. ఆ సీసా ఎవరూ ముట్టుకోకండి.” డిటెక్టివ్ కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది. ఇన్‌స్పెక్టర్ పడిపోయి ఉన్న కుర్చీని కాలితో లేపి ఆమె కిందకి జరిపాడు. కూర్చుంది. “ఇప్పుడు చెప్పమ్మా. ఆ సీసా ఎవరిచ్చారు?”

“మేనేజర్ గారు. నాన్న ఆఫీసులో మర్చిపోయారని పొద్దున తెచ్చిచ్చారు. నాన్న రాతతో ‘మూడో తారీఖు’ అని ఉంది, అందుకే నేను...” మరుక్షణం ఏదో గుసగుస. “మేడమ్, నాన్న ఏదో అడుగుతున్నారు. ‘ఆ వాక్యం పెట్టారా’ అంటున్నారు. ఏ వాక్యమో నాకు తెలీదు.”

డీటీపీ అమ్మాయి ముఖం పాలిపోయింది. అర దగ్గరికి వెళ్ళి, మడతపెట్టిన రెండు సన్నటి కాగితాలు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పరిచింది. మందు పెట్టెల్లో పెట్టడానికి ఈ ప్రెస్సు అచ్చేసే కాగితాలు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. పాతదాని మీద ఒక వాక్యం చుట్టూ ఎర్ర ఇంకు సున్నా.

‘ఉబ్బసం ఉన్నవారు ఈ కంటి చుక్కలు వాడరాదు.’

కొత్తదాంట్లో ఆ వాక్యం లేదు.

“మొన్న మాస్టారు పట్టుకున్నారు మేడమ్. కొత్త కాగితం ఆయన చూడకుండానే అచ్చుకి వెళ్ళిపోయింది. తొందరగా కావాలని మేనేజర్ గారే పంపించేశారు. ఆ వాక్యం ఎక్కడో ఎగిరిపోయింది. ఆ చుక్కల కంపెనీకి రాయాల్సిందేనని మాస్టారు పట్టుబట్టారు. మేనేజర్ గారు ఒక్క రోజు ఆగమన్నారు. నన్ను నోరెత్తొద్దన్నారు. దానికీ దీనికీ లంకె ఉంటుందని నా బుర్రకి తట్టలేదు మేడమ్.”

“ఆ చుక్కలు ఈ ప్రెస్సులోకి ఎలా వచ్చాయి?”

“కాగితం మడత సరిపోతుందో లేదో చూసుకోవడానికి కంపెనీ ఆరు పెట్టెలు పంపింది. అవిగో.”

ఇన్‌స్పెక్టర్ ఒక్కో పెట్టె ఊపాడు. అయిదు గలగలమన్నాయి. ఆరోది చప్పుడు చెయ్యలేదు. తెరిచాడు. లోపల కాగితం ఉంది, సీసా లేదు.

“ఆ వాక్యం చదివినవాళ్ళు ఇక్కడ ముగ్గురే,” అంది డిటెక్టివ్. “ఒకాయన దిద్దాలన్నాడు. ఒకమ్మాయి భయపడింది. మీరు మాత్రం దాన్ని వాడుకోవడం ఎలాగో నేర్చుకున్నారు.”

మేనేజరు అరకి ఆనుకుని మెల్లగా కిందకి జారాడు. “చంపాలని కాదండి. నాలుగు రోజులు మంచాన పడితే ఈలోగా ఏదో ఒకటి చేసుకుందామని...”

“ఇవాళ్టి చుక్క కూడా నాలుగు రోజుల కోసమేనా?” ఇన్‌స్పెక్టర్ అతని కాలరు పట్టుకుని లేపాడు.

డిటెక్టివ్ కొత్త కాగితాన్ని వెలుతురులో పట్టుకుని చూస్తోంది. అడుగున అచ్చువేసిన సంఖ్య మీద ఆమె చూపు నిలిచిపోయింది.

“ఇరవై వేలు అచ్చేశారు. అవి ఎక్కడున్నాయి?”

మేనేజరు కిటికీ వైపు చూశాడు.

“ఎక్కడున్నాయి?”

“పదకొండు రోజుల కిందటే పెట్టెల్లోకి వెళ్ళిపోయాయండి.” మేనేజరు మాట వినీ వినపడకుండా ఉంది. “ఈ సోమవారం షాపులకి చేరాయి.”

ఇన్‌స్పెక్టర్ చేతిలో కాలరు జారిపోయింది. వదినా మరిదీ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకే ఆలోచన ఒకేసారి వచ్చింది. ముందు ఫోన్ తీసింది మాత్రం అతనే.

“స్టేషనా? అల్లుడు గారున్నారుగా, ఆయనకి ఫోనివ్వండి. కుర్చీ వేసి ఇవ్వండి... ఆఁ, నేనే. మీ మామగారు క్షేమం. మీతో తర్వాత సావకాశంగా మాట్లాడతాను, తప్పు నాదే. ముందు ఇది చెప్పండి. కంటి ఒత్తిడికి వాడే చుక్కలు, కొత్త పెట్టెలు, సోమవారం వచ్చినవి. ఎన్ని అమ్మారు?”

ఫోన్ స్పీకర్‌లో అల్లుడి గొంతు అలసిపోయి ఉంది, కానీ తడబడలేదు. “నాలుగు సార్. మూడు ఎప్పుడూ వాడేవాళ్ళకే, వాళ్ళకి ఉబ్బసం లేదు, నాకు తెలుసు. నాలుగోది నిన్న పొద్దున, ఒక పెద్దావిడ. కొత్త మనిషి. కంటి డాక్టరు మొదటిసారి రాశాడంది. ఇవాళ మధ్యాహ్నం నుంచి మొదలుపెడతానంది.”

“ఆవిడ ఇంకేమైనా కొన్నదా?” అంది డిటెక్టివ్.

“ఒక ఇన్‌హేలర్ తీసుకుంది మేడమ్. ఇంట్లో ఎవరికమ్మా అని అడిగాను.” అల్లుడు ఆగాడు. తను ఏం చెబుతున్నాడో అప్పుడే అతనికి అర్థమైంది. “‘రెండూ నాకే నాయనా’ అంది.”